నక్షత్రమా, హెచ్చరికా?

(కావలిలో పచ్చళ్లు, జంతికలు ప్యాకెట్లు కట్టి అమ్మే వ్యాపారికీ, అక్కడి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరుకూ మధ్య వాదం. ప్యాకెట్ల ముందువైపు అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల దాకా పోషక రేటింగు ముద్రించాలంటూ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో ముసాయిదా తెచ్చి ప్రజాభిప్రాయం కోరింది. అభిప్రాయాలు 14 వేలకు పైగా వచ్చాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.)

వ్యాపారి: చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంతెంతో వెనకవైపు అచ్చు వేస్తూనే ఉన్నాం కదా టీచరమ్మా. ముందువైపు మళ్లీ ఎందుకు? కావలసినవాళ్లు తిప్పి చదువుకుంటారు.

టీచరు: ఏం చదువుతారన్నా? అక్కడ కనిపించేది సోడియం, అదీ మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే గానీ ఉప్పు లెక్క తేలదు. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ మాత్రలు మింగే ముసలమ్మ కొట్టు ముందు నిలబడి ఈ గుణకారం చేస్తుందా? శాకాహారానికి పచ్చ చుక్క ఉంది. చదువు రానివాళ్లు కూడా దాన్ని గుర్తుపడతారు. అలాంటి గుర్తు కావాలి.

వ్యాపారి: నక్షత్రాలు పెడతామన్నారుగా!

టీచరు: చిక్కంతా వాటితోనే. ఆ పద్ధతిలో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వులు ఒకవైపు, పీచు, మాంసకృత్తులు, గింజలు, చిరుధాన్యాలు ఇంకోవైపు పెట్టి తూకం వేస్తారు. చక్కెర దండిగా ఉన్న బిస్కట్లో కాస్త రాగిపిండి, నాలుగు బాదం పలుకులు కలిపితే రేటింగు మెరుగవుతుంది. చక్కెర మాత్రం ఎక్కడికీ పోదు. పైగా అర నక్షత్రమైనా పిల్లల కంటికి మెప్పులాగే కనిపిస్తుంది. చిలీ దేశం 2016లో 'చక్కెర ఎక్కువ', 'ఉప్పు ఎక్కువ' అంటూ నల్లటి అష్టభుజి ముద్రలు తెచ్చింది. పిల్లలకు చూపే ప్రకటనలనూ, బడుల్లో అమ్మకాలనూ కట్టడి చేసింది. ఆ తర్వాత అక్కడ తీపి పానీయాల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 2020లో మెక్సికో కూడా అదే దారి పట్టింది.

వ్యాపారి: చిలీలో ఆవకాయ లేదమ్మా! వంద గ్రాముల లెక్కన కొలిస్తే మొదటి నల్ల ముద్ర నా సీసా మీదే పడుతుంది. ఒక్క పూటలో వంద గ్రాముల ఆవకాయ ఎవరు తింటారు? ఆ ఉప్పు తగ్గిస్తే పచ్చడి వానాకాలం దాటదు, బూజు పడుతుంది. నూడుల్స్‌నూ పచ్చడినీ ఒకే గాటన కట్టడం న్యాయమా?

టీచరు: ఆవకాయ ఉప్పని నాలుకకు తెలుసు, అందుకే చెంచాడుతో ఆగుతుంది. బిస్కట్లోని ఉప్పు, టమాటా సాస్‌లోని చక్కెర నాలుకకు పట్టుబడవు. ముద్ర ముందుగా వాటికే కావాలి. అయినా ఆవకాయను వదిలేయమని అడగను. కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి ఏ సీసాలోని ఉప్పయినా ఉప్పే.

వ్యాపారి: పెద్ద కంపెనీకి ప్రయోగశాల ఉంది, ముద్ర తప్పించుకోవడానికి పాళ్లు మార్చుకుంటుంది. నేను ఒక్కో రకానికీ పరీక్ష చేయించాలి, అచ్చయిన కవర్లు పారేయాలి. బస్టాండు దగ్గర కాగితంలో చుట్టి ఇచ్చే మిక్చరుకు ఏ లేబులూ లేదు. నిబంధనలన్నీ రిజిస్ట్రేషను చేయించుకున్నవాడికేనా?

టీచరు: ఆ మాట నిజం. చిన్న తయారీదారులకు ఎక్కువ గడువు, పరీక్ష ఖర్చులో సాయం ఇవ్వాలని ఆ సంస్థకు రాయండి, నేనూ సంతకం పెడతాను. ఆ సాకుతో ముద్రే వద్దంటే మాత్రం ఒప్పుకోను. దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. ఇంకో సంగతి వినండి. 100 చదరపు సెంటీమీటర్లు మించని ప్యాకెట్ల మీద పోషక వివరాలు అక్కర్లేదు, పెద్ద పెట్టె మీద ఉంటే చాలన్నది ఇప్పటి నిబంధన. బడి గేటు దగ్గర పిల్లలు కొనేది పెట్టె కాదు కదా!

వ్యాపారి: ఆ చిన్న ప్యాకెట్ల మీద వేయమంటే నేను అడ్డు చెప్పను. నా సీసాకు మాత్రం చెంచాడు లెక్కే అడుగుతాను.

టీచరు: మీకు చెంచా లెక్క ఇస్తే, చిప్స్ కంపెనీ అయిదు చిప్సే ఒక వడ్డన అంటుంది. వంద గ్రాముల లెక్కే ఉండాలి.

వ్యాపారి: అయితే ఉత్తరాలు రెండు రాయాలి.

టీచరు: రెండూ వెళ్లాలన్నా. ఇలాంటి ముసాయిదాలు అచ్చయ్యే ప్రభుత్వ గెజిట్ హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. పెద్ద కంపెనీలు లాయర్లతో జవాబులు రాయిస్తాయి. మన కొట్లవాళ్లకు గడువు ముగిశాక తెలుస్తుంది. మీది చెప్పండి, టైపు చేసి పెడతాను.

వ్యాపారి: చెబుతాను. వంద గ్రాముల లెక్క తప్పన్న మాటతోనే మొదలుపెట్టండి.