ఒళ్లు కదలకపోతే ఆస్పిరినా? ఆ మెసేజ్ ఆపండి మహానుభావా

చెన్నైలో వేళచ్చేరి నుంచి సిరుసేరి దాకా ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి, కళ్లు తెరుచుకుని, ఒళ్లు మాత్రం కదలకపోతే అది "పక్షవాతానికి తొలి హెచ్చరిక" అట. వెల్లకిలా పడుకుంటే మెదడుకి రక్తం ఆగిపోయి అలా అవుతుందట. ఆ రోజు నుంచే రోజుకో ఆస్పిరిన్ వేసుకోవాలట. తల ఉత్తరానికి పెట్టకూడదట, దిండు కింద ఇనప ముక్క ఉంచాలట, పట్టేసిన మనిషిని ముట్టుకుంటే గుండె ఆగుతుందట. కింద మామూలే, పదిమందికి పంపండి.

ఉత్తరం, ఇనుము వదిలేద్దాం. మెడకి గుచ్చుకోనంత వరకు ఇనుముతో నష్టం లేదు.

మెదడుకి రక్తం నిజంగా ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది. ఇక్కడ మనిషి ఫ్యాను తిరగడం చూస్తూనే ఉంటాడు! కలలొచ్చే నిద్రలో మనం లేచి పరిగెత్తకుండా మెదడుకాండం, అంటే మెదడు అడుగు భాగం, కండరాలను వదులు చేసి తాళం వేసినట్టు ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ వచ్చాక కూడా ఆ తాళం కాసేపు తెరుచుకోదు, కొన్ని సెకన్లో, ఒకటి రెండు నిమిషాలో. దీన్నే స్లీప్ పెరాలసిస్ అంటారు. కళ్లకీ, ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కీ ఆ తాళం పడదు. పక్కటెముకల మధ్య కండరాలకి పడుతుంది. అందుకే గట్టిగా ఊపిరి పీల్చబోతే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. ఇక్కడి తమిళులు దీన్ని అముక్కువాన్ పేయి, అంటే అదిమే దయ్యం అంటారు. దయ్యం సంగతి ఎలా ఉన్నా, ఆ లక్షణాన్ని మన మెసేజ్ కంటే ఆ పేరే సరిగ్గా పట్టుకుంది.

అసలు ప్రమాదం ఆస్పిరిన్‌తో. స్లీప్ పెరాలసిస్‌ని "నిద్ర పక్షవాతం" అని అనువదించిన పుణ్యాత్ములెవరో గానీ, గందరగోళమంతా అక్కడే మొదలైంది. పక్షవాతం సాధారణంగా ఒక పక్కకే వస్తుంది: మూతి వంకర పోతుంది, ఒక చెయ్యి పైకి లేవదు, మాట ముద్దగా వస్తుంది. స్లీప్ పెరాలసిస్ ఒళ్లంతా పట్టి, పూర్తిగా వదిలేస్తుంది. డాక్టరు చెప్పకుండా రోజూ ఆస్పిరిన్ మింగితే కడుపులో రక్తస్రావం కావచ్చు. వచ్చింది నిజంగా పక్షవాతమే అయినా, మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడిందో నరం చిట్లిందో సీటీ స్కాన్ తియ్యందే తెలియదు. చిట్లిన చోటికి రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర పంపుతారా? లేచాక కూడా ఒక పక్క బలహీనంగా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా ఉండే గడువు 4.5 గంటలు. అదీ మెలకువ వచ్చిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి లెక్క. మాత్ర వేసుకుని "చూద్దాం" అని పడుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇక వెల్లకిలా పడుకోవడం. ఇక్కడ మెసేజ్‌కి సగం మార్కులు ఇవ్వక తప్పదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో అలన్ చెయిన్ చేసి 2002లో ప్రచురించిన సర్వేలో, మిగతా భంగిమలన్నీ కలిపినా వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువమందికి ఇది వచ్చింది. మామూలుగా వెల్లకిలా నిద్రపోయేవాళ్ల కంటే, పట్టేసినప్పుడు వెల్లకిలా ఉన్నవాళ్లు మూడు నాలుగు రెట్లు. అంటే పక్కకి తిరిగి పడుకున్నవాళ్లు కూడా నిద్రలో వెల్లకిలా దొర్లారన్నమాట. కాబట్టి "ఎడమ పక్కకి పడుకోండి, అయిపోయింది" అంటే కుదరదు. వీపు వెనక దిండు పెట్టండి, లేదా టీషర్టు వెనక జేబు కుట్టి టెన్నిస్ బంతి వెయ్యండి. అంతకంటే ముఖ్యం, నిద్ర వేళలు మారకుండా చూసుకోవడం. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో వారానికో షిఫ్టు మారేవాళ్లు బంతి కంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి.

ముట్టుకుంటే గుండె ఆగుతుందా? ఆగేది ఆ పట్టే. మూలుగు వినిపిస్తే పేరు పెట్టి పిలవండి, భుజం కుదపండి. ఒంటరిగా ఉంటే లేవడానికి పెనుగులాడొద్దు, భయం పెరుగుతుంది. ఊపిరి మెల్లగా తీస్తూ ఒక్క కాలి బొటనవేలు కదపడానికి చూడండి. వదిలాక అదే భంగిమలో మళ్లీ కళ్లు మూస్తే వెంటనే రావచ్చు, రెండు నిమిషాలు లేచి కూర్చోండి.

పగలు ఆపుకోలేని నిద్ర వస్తున్నా, పగలబడి నవ్వితే మోకాళ్లు జారిపోతున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నా నిద్ర వైద్యుణ్ణి కలవండి. వీటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు, ఇనప ముక్క మాత్రం ఉంది.