పొట్ట పగిలిన ఫిల్టరు గారికి

మా స్విమ్మింగ్ పూల్ నీళ్లను ఇసుకలో వడకట్టే మహారాజశ్రీ శాండ్ ఫిల్టరు గారి సముఖమునకు, మైపాడు రోడ్డు రిసార్టు మేనేజరు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేం క్షేమంగా లేము. తమరూ లేరని నిన్న ఆదివారం పొద్దున ఆరింటికే తెలిసింది. పంపు రూములో కాలు పెడితే చీలమండ దాకా నీళ్లు, చెప్పు కింద ఇసుక కరకర. మధ్యాహ్నానికి పుట్టినరోజు పార్టీ. నలభై మంది పిల్లలు గాలి బాతులు చంకన పెట్టుకుని దిగారు. ఐస్‌క్రీం పెట్టి పంపించేశాను. ఒక బుడ్డోడు మాత్రం గట్టు మీద నిలబడి, “నీళ్లున్నాయి కదా అంకుల్?” అన్నాడు. ఏం చెప్పమంటారు?

తమరి బొజ్జ మీద, నడిమికి కాస్త పైన, జానెడు పొడుగున సన్నటి గీత. పంపు వేస్తే తెరుచుకుంటుంది, ఆపితే మూసుకుంటుంది. ఇన్నేళ్లలో తమరు నోరు తెరిచింది అదే మొదలు, అదీ పొట్టతో.

ఇంక వైద్యులు దిగారు. దిమ్మె వాలిందన్నాడు పైపులాయన. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యలో నిలబడి నవ్వింది. ఎండకు పగిలిందన్నాడు ఏసీ మెకానిక్. “గదిలో ఎండ యాడిది సామీ?” అంటే, వేడి అన్నాడు. క్లోరిన్ తినేసిందన్నాడు మా ఓనరు బామ్మర్ది. ఇసుక తీసి పారేసి పెన్న ఇసుక పోయమని కూడా ఆయనే. ఒండ్రు, గులకరాళ్లు కలిసిన ఇసుక తమరి కడుపులో పోస్తే స్విమ్మింగ్ పూల్‌లో నారు పోయొచ్చు. అసలైన సిలికా ఇసుక మన పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వుతారు. మనకు మాత్రం యాడనుంచో సంచుల్లో వచ్చింది, అది వేరే ఏడుపు. తమరిని పుట్టించిన కంపెనీ వాళ్లయితే ఫోటో పంపిన నిమిషంలోనే “వాడకంలో లోపం” అని తేల్చేశారు. వారంటీ లేదట. అంత చురుకుదనం ఫోనెత్తడంలో ఎన్నడూ చూడలేదు.

చివరికి ఒంగోలు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మాట్లాడకుండా గీత మీద అరచేత్తో నిమిరాడు. “పగులు యాడుందో చూస్తే సగం రోగం తెలిసిపోద్ది సార్” అన్నాడు. అడుగున పగిలితే దిమ్మెను అనుమానించాలి. పైపు మూతి దగ్గరైతే, ఆధారం లేని పైపుల బరువంతా ట్యాంకు మీద వేలాడినట్టు. లోపలికి నొక్కుకుపోతే, లోపలికి గాలి రానివ్వకుండా నీళ్లు ఖాళీ చేసినట్టు. తమరిది బయటికి ఉబ్బి పగిలింది. అంటే కుమ్మింది లోపలి నుంచే.

తర్వాత రెండు లేబుళ్లు తుడిచి చదివాడు. తమరి ఒంటి మీద: గరిష్ఠ ప్రెషరు చదరపు సెంటీమీటరుకు 2.5 కిలోలు. పంపు మీద: హెడ్డు, అంటే నీళ్లను తొయ్యగల ఎత్తు, 32 మీటర్లు. పది మీటర్లకు ఒక కిలో లెక్క. దారి మూసుకుపోతే ఆ పంపు 3.2 దాకా తోస్తుంది. పోయిన ఏడాది మూడు హార్స్‌పవరు మోటారు తీసేసి ఐదుది బిగించింది ఎవరో చెప్పాలా? డిస్కౌంటులో వచ్చిందని బామ్మర్దే. దానికి తోడు మా పూల్ అబ్బాయి పంపు ఆపకుండానే, నీళ్లు ఎదురు తోసి ఇసుక కడిగే బ్యాక్‌వాష్ పిడి తిప్పుతాడు. తిరిగే ఆ క్షణంలో నీళ్లకు ఎటూ దారి ఉండదు. కరెంటు పోయినప్పుడల్లా వెనక్కి తన్నిన నీళ్లకు, వాటిని అడ్డుకునే ఎన్‌ఆర్‌వీ వాల్వు ధడ్‌మని మూసుకుంటుంది. ఆ చప్పుడు నేనూ విన్నాను. తలుపు గాలికి కొట్టుకుంటోందని గడియ పెట్టించాను.

ఒక్క దెబ్బకు పోలేదు సార్, రోజూ తిని తిని పోయింది అన్నాడు పెద్దాయన.

మరి ముల్లు? ఇంక తమరూ గిమరూ లేదు. నీ నెత్తిన గడియారంలా ఒక ప్రెషరు గేజీ పెట్టుకున్నావే, అది ఎందుకు? లోపల ప్రాణం పోతుంటే బయట 1.2 చూపిస్తావా? ఇసుక మూసుకుపోతే ముల్లు పైకి లేవాలి, లేస్తే బ్యాక్‌వాష్ చెయ్యాలి. అంతకంటే దానికి ఇంకో పని ఉందా? నీ బోరునీళ్ల ఉప్పుకు లోపల ఇసుక బెల్లం గడ్డల్లా కట్టిపోయింది. పెద్దాయన రెండు చేతుల్తో పైకి తీసి చూపించాడు. అప్పుడూ 1.2. ఒక్కసారి, ఒక్క గీత పైకి లేచుంటే నీ సొమ్మేం పోయేది? ముష్టి గేజీ! దాని ధర ఎంతనుకున్నావు? నీ ధరలో వందో వంతు కాదు. పెద్దాయన దాన్ని ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. పైపు లేదు, నీళ్లు లేవు, ఉత్త చెయ్యి. ముల్లు 1.2 దగ్గరే ఉంది.

“రోజూ రాస్తారా సార్?” అని అడిగాడు. రాస్తాం అని గర్వంగా రిజిస్టరు తెచ్చాను. పొద్దున 1.2, సాయంత్రం 1.2. పేజీ తర్వాత పేజీ. వేలు పెట్టి ఒక తారీఖు దగ్గర ఆగాడు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రోజంతా కరెంటు లేని రోజు. పంపే తిరగలేదు. ఆ రోజూ 1.2.

ఆయన నవ్వలేదు. అదే నాకు తట్టుకోవడం కష్టమైంది.

కొత్త ట్యాంకు వస్తుంది, పాత మోటారూ తిరిగి వస్తుంది. నిన్ను రేపు ట్రాక్టరెక్కిస్తాం. ఇన్ని మే నెలలు మా ఊరి పిల్లకాయల చెమట, సన్‌క్రీము, ఇంకా చెప్పకూడనివీ మింగి గాజులాంటి నీళ్లిచ్చావు, కాదనను. గేజీ మాత్రం నా బల్ల మీద, నీ బిల్లుల మీద బరువుగా పెట్టుకున్నాను.

ఇట్లు,
ప్రతి పేజీ కిందా సంతకం పెట్టినవాడు