వెనక సీటు ధర్మాసనం

నలుగురు స్నేహితులు ఒకే కారులో అయిదు గంటలు ప్రయాణం చేయాలంటే నిండా పెట్రోలు, నాలుగు పాటలు, గుంతలు లేని రోడ్డు ఉంటే చాలని అమాయకులు అనుకుంటారు. చాలవు. 1983 ప్రపంచ కప్పు ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరన్న ప్రశ్న కూడా ఉండాలి. పెట్రోలు ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. ఈ ప్రశ్న అయిపోదు.

కపిల్ దేవ్ అని ఒకడు గుక్క తిప్పుకోకుండా అంటాడు. వెస్టిండీస్ ఆటగాడు రిచర్డ్స్ గాల్లోకి లేపిన బంతి కోసం వెనక్కి పరుగెత్తి పట్టిందీ ఆయనే, కప్పు ఎత్తిందీ ఆయనే, ఇంకెవరికిస్తారని నిలదీస్తాడు. రెండోవాడు శ్రీకాంత్ పక్షం. మనవాళ్లు చేసిన 183లో 38 అతనివే, రెండు జట్లలోనూ అంతకు మించి కొట్టినవాడు లేడు. మూడోవాడు మదన్‌లాల్ తరఫు వకాల్తా పుచ్చుకుంటాడు. ఆ బంతి వేసినవాడు లేకపోతే క్యాచ్ ఎక్కడిదని అతని ప్రశ్న. ఎవరి వాదన విన్నా సబబే అనిపిస్తుంది. అవార్డు మాత్రం 26 పరుగులు చేసి, 12 పరుగులకే 3 వికెట్లు తీసిన మొహిందర్ అమర్‌నాథ్‌కు వెళ్లింది.

ఇది ఫోను తీస్తే పది సెకన్లలో తేలే సంగతి. ఫోను వల్ల సమాజానికి జరుగుతున్న చేటు అదే. గంటన్నర నడవాల్సిన చర్చను పది సెకన్లలో చంపేసే పరికరాన్ని మనం జేబులో పెట్టుకు తిరుగుతున్నాం. కాబట్టి సీటు బెల్టు నిబంధన పక్కనే ప్రభుత్వం మరో నిబంధన చేర్చాలని ఈ వ్యాసకర్త వినయంగా కోరుతున్నాడు: వాదన మొదలయ్యాక కనీసం నలభై నిమిషాలు, లేదా ఎవరో ఒకరు అలిగి కిటికీ వైపు తిరిగేంత వరకు, వాహనంలో ఎవరూ ఫోను తీయరాదు. డ్రైవింగ్ చేస్తున్నవాడికి ఈ నిబంధన ఎలాగూ ఉంది. పాపం, అతడొక్కడే నష్టపోతున్నాడు.

ప్రతి బృందంలోనూ ఒక ప్రత్యక్ష సాక్షి ఉంటాడు. లెక్కలు చెప్పడు, పుస్తకాలు చూపడు. "నేను చూశాను" అంటాడు, అంతే. మా సాక్షి అదే ప్రపంచ కప్పులో జింబాబ్వే మీద కపిల్ చేసిన 175 నాటవుట్‌ను టీవీలో చూశాడు. 9 పరుగులకు 4 వికెట్లు పడ్డాక కపిల్ నడిచి వచ్చిన తీరు, టోపీ సర్దుకున్న తీరు, కొట్టిన 6 సిక్సర్లు ఏ దిక్కుకు వెళ్లాయో అన్నీ చేతులు తిప్పుతూ వర్ణించాడు. చిక్కేమిటంటే, ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జరిగిన ఆ మ్యాచ్‌కు వీడియో లేదు. చూసే భాగ్యం ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లకే దక్కింది. ఆ మాట చెబితే సాక్షి కాసేపు ఆలోచించి, "మా టీవీలో వచ్చింది" అన్నాడు. ఆ టీవీ ఇప్పుడు లేదట. దీని మీద అప్పీలుకు అవకాశం లేదు.

సాక్షి కన్నా ప్రమాదకారి ఇంకొకడున్నాడు. ప్రశ్నకు సవరణలు చేసేవాడు. రాజ్యాంగ సవరణకు పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ కావాలి. ఇతనికి ఓడిపోతున్నానన్న అనుమానం చాలు.

మొన్నటి ప్రయాణంలో జరిగిందే చెబుతాను. ముందు సీటులో కూర్చున్న మిత్రుడు గొంతు సవరించుకుని, "వన్డేల్లో తొలి డబుల్ సెంచరీ ఎవరిది?" అని అడిగాడు. ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు ముగ్గురం ఒకేసారి "సచిన్" అని అరిచాం. గ్వాలియర్, 2010, దక్షిణాఫ్రికా మీద 200 నాటవుట్. తేదీతో సహా చెప్పేశాం, ఫిబ్రవరి 24. అడిగినవాడు మార్కులు వేసే మాస్టారిలా తలూపాడు.

వెనక మూలలో సంచి మీద తల ఆన్చి నిద్రపోతున్న అయిదోవాడు కళ్లు తెరవకుండానే, "బెలిండా క్లార్క్" అన్నాడు.

కారులో నిశ్శబ్దం.

"1997 డిసెంబరు 16. మహిళల ప్రపంచ కప్పు. ఆస్ట్రేలియా తరఫున డెన్మార్క్ మీద 229 నాటవుట్. ముంబయిలోనే ఆడింది" అని చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. అంటే సచిన్ కన్నా పన్నెండేళ్లు ముందు, మన దేశంలోనే జరిగిపోయింది.

"నేనడిగింది మగవాళ్ల క్రికెట్ గురించి" అని మొదటి సవరణ వచ్చింది. అడిగినప్పుడు ఆ మాట లేదని గుర్తు చేశాం. "వన్డే అంటే అందరికీ తెలిసిందేగా" అన్నది రెండోది. ఆమె ఆడింది కూడా వన్డేనే అన్నాం. "డెన్మార్క్ కూడా ఒక జట్టేనా?" ఇది మూడో సవరణ. ఇక్కడ చర్చ క్రికెట్ హద్దు దాటింది. సచిన్ నూరో సెంచరీ బంగ్లాదేశ్ మీద చేసినప్పుడు ఎవరూ అలా అడగలేదే అని ఒకరు, ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం, దాని ఊసెత్తకు అని ఇంకొకరు. నాలుగో సవరణకు వచ్చేసరికి ప్రశ్న ఇలా తయారైంది: పురుషుల అంతర్జాతీయ వన్డేల్లో, పెద్ద జట్టు మీద, తొలి డబుల్ సెంచరీ ఎవరిది? ఇంకొక్క సవరణ చేసి ఉంటే ప్రశ్నలోనే సచిన్ పేరు, ఇంటి పేరు కూడా వచ్చేసేవి.

ఈ గొడవలో మేం ఎడమకు తిరగవలసిన మలుపు ఎప్పుడో దాటిపోయింది. దారి చెప్పే బాధ్యత ముందు సీటు వాడిది. నిర్వచనాలు సరిచేసే పనిలో అతడికి తీరిక లేకపోయింది. నలభై కిలోమీటర్లు అదనం. వెనక్కి తిప్పుకుంటూ ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బ్రాడ్‌మన్ విషయం ఎత్తాం. చివరి ఇన్నింగ్స్‌లో 4 పరుగులు చేస్తే టెస్టుల్లో సగటు వంద నిలిచేది, ఇంగ్లండ్ బౌలర్ హోలీస్ వేసిన రెండో బంతికే సున్నాకు బౌల్డ్, 99.94 దగ్గర ఆగిపోయాడు. దీని మీద మా మధ్య భేదాభిప్రాయం రాలేదు. కాబట్టి రెండు నిమిషాల్లో ముగిసిపోయింది. అందరికీ కాస్త వెలితిగా అనిపించింది.

తిరుగు ప్రయాణంలో కారులోకి ఒక కొత్త మిత్రుడు ఎక్కాడు. ఊరు దాటామో లేదో, ముందు సీటు వాడు వెనక్కి తిరిగి, తీరిగ్గా అడిగాడు: "వన్డేల్లో తొలి డబుల్ సెంచరీ ఎవరిది?"

"సచిన్" అన్నాడు కొత్తవాడు.

మా వాడు జాలిగా నవ్వి, నిట్టూర్చి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆడవాళ్ల క్రికెట్ మన దేశంలో ఎవరికీ పట్టదు" అన్నాడు.