వంద మంది చేరితే వంద మందినీ లెక్కించాలి

‘మా దగ్గర చికిత్స పూర్తిచేసినవాళ్లలో నూటికి పది మందే మళ్లీ అరెస్టయ్యారు.’ అమెరికాలో మాజీ సైనికుల చికిత్సా కోర్టుల గురించి మాట్లాడేటప్పుడు ఈ తరహా వాక్యం తరచూ వినిపిస్తుంది. అది నిజమే కావచ్చు. కానీ దాన్నిబట్టి ఆ కోర్టు పనిచేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు.

2008 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జడ్జి రాబర్ట్ రస్సెల్ మొదలుపెట్టిన కోర్టు ఈ పద్ధతికి నమూనా అయింది. ఇప్పుడు అలాంటివి వందల్లో ఉన్నాయి. తాగి కారు నడిపో, డ్రగ్స్‌తో దొరికో, కొట్లాటలో ఇరుక్కునో కేసుపాలైన మాజీ సైనికుడిని జైలుకు పంపకుండా ఏడాది నుంచి రెండేళ్లు చికిత్సలో, జడ్జి కనుసన్నల్లో ఉంచుతారు. చికిత్సను ఎక్కువగా మాజీ సైనికుల శాఖ ఆసుపత్రులు చూసుకుంటాయి. తోడుగా మరో మాజీ సైనికుడు మెంటార్‌గా ఉంటాడు. పూర్తిచేస్తే చాలాచోట్ల కేసు కొట్టేస్తారు, లేదా అభియోగం తగ్గిస్తారు.

ఇప్పుడు ఆ పది శాతం సంగతి. ఊహకు ఒక లెక్క వేద్దాం. వంద మంది చేరారు. 60 మంది పూర్తిచేశారు, వాళ్లలో ఆరుగురు మళ్లీ అరెస్టయ్యారు. మధ్యలో మానేసిన, లేదా కోర్టే తీసేసిన 40 మందిలో 24 మంది అరెస్టయ్యారు. మొత్తం 30. మామూలు కోర్టుకు వెళ్లిన అలాంటివాళ్లే వంద మందిలో 35 మంది అరెస్టయితే, ఈ కోర్టు వల్ల తగ్గింది ఐదుగురు. నివేదికలు చూపించే ఇరవై ఐదు కాదు. మామూలు కోర్టులో 28 మందే అరెస్టయి ఉంటే మేలు జరగకపోగా నష్టమే జరిగినట్టు. అప్పుడు కూడా పది శాతం వాక్యం అక్షరం మారకుండా నివేదికలో అలాగే ఉంటుంది. (మన దగ్గర ఇలాంటి కోర్టులు లేవు గానీ, డీ-అడిక్షన్ సెంటర్లు చెప్పుకునే ‘సక్సెస్ రేటు’ను కూడా ఇదే తక్కెడలో వేసి చూడవచ్చు.)

రెండో తప్పు గడియారంలో ఉంటుంది. పూర్తిచేసినవాళ్లకు పట్టా ఇచ్చిన రోజు నుంచి, పోలిక బృందానికి, అంటే మామూలు కోర్టుకు వెళ్లినవాళ్లకు, శిక్ష పడిన రోజు నుంచి కాలం లెక్కిస్తారు. కోర్టు పర్యవేక్షణలో ఉండగా అరెస్టయినవాళ్లు పట్టాదాకా రాకుండానే జాబితాలోంచి జారిపోతారు. కాబట్టి ఇద్దరికీ గడియారం ఒకేచోట మొదలవ్వాలి. అర్హుడని తేలిన తేదీ అందుకు సరైనది. అక్కడి నుంచి కనీసం మూడేళ్లు చూడాలి. కార్యక్రమమే రెండేళ్ల దాకా సాగుతుంది గనుక, రెండేళ్లకే ఆపేస్తే నిఘాలో ఉన్నప్పటి ప్రవర్తనను కొలిచినట్టే. జైల్లో ఉన్నవాడు బయట అరెస్టయ్యే వీలుండదు గనుక, జైల్లో గడిపిన రోజులు తీసేసిన లెక్కనూ, తీయని లెక్కనూ పక్కపక్కన ఇవ్వాలి.

అసలు చిక్కు ఎవరితో పోల్చాలన్నది. కోర్టులో చేరనన్నవాళ్లతో, ప్రాసిక్యూటర్ కాదన్నవాళ్లతో పోల్చడం సులువు, అందుకే ఎక్కువమంది అదే చేస్తారు. అది అన్నిటికన్నా బలహీనమైన పోలిక. చేరనన్నవాడికి కేసు తేలికైనదై ఉండవచ్చు, నాలుగు రోజుల జైలు రెండేళ్ల హాజరుకన్నా నయమనిపించి ఉండవచ్చు. ప్రాసిక్యూటర్ కాదన్నవాడి నేర చరిత్ర బరువైనదై ఉండవచ్చు. రెండు రకాలవాళ్లనూ ఒకే గంపలో వేస్తే పోలిక ఎటు మొగ్గుతుందో కూడా తెలియదు. సీట్లకన్నా అర్హులు ఎక్కువున్నచోట లాటరీ వేయడమే న్యాయం, శాస్త్రీయం కూడా. బాల్టిమోర్ డ్రగ్ కోర్టులో (డ్రగ్స్ కేసులవాళ్లను ఇలాగే చికిత్సలో ఉంచే కోర్టు) 1990ల్లోనే ఇలా చేశారు. లాటరీ కుదరకపోతే అలాంటి కోర్టు లేని పక్క కౌంటీల్లోని (మన జిల్లాల్లాంటివి) మాజీ సైనికులను తీసుకోవాలి.

వాళ్లను గుర్తించడం మరో పని. జైలు రిజిస్టర్‌లో ‘సైన్యంలో చేశారా?’ అని అడిగితే చాలామంది చెప్పరు. సిగ్గు ఒక కారణం. ఫెలనీ (తీవ్రమైన) నేరంలో శిక్షపడి జైలుపాలైతే 61వ రోజు నుంచి వైకల్య భృతికి కోత పడుతుంది, ఆ భయం మరొకటి. జైళ్లు, కోర్టులు పంపిన జాబితాలను సైనిక సేవా రికార్డులతో సరిపోల్చే వ్యవస్థ మాజీ సైనికుల శాఖ దగ్గర ఉంది. దాన్నే వాడాలి.

దేనితో పోల్చాలన్నదీ తేల్చుకోవాలి. మయామీలో 1989లో మొదలైన డ్రగ్ కోర్టుల పద్ధతి మళ్లీ నేరం చేయడాన్ని కొంత తగ్గిస్తుందని ఇప్పటికే తెలుసు. కాబట్టి మాజీ సైనికుల కోర్టు జైలుకన్నా మేలని తేలినా కొత్తగా తెలిసేది తక్కువ. మెంటార్ వల్ల, తోటి సైనికుల మధ్య ఉండటం వల్ల అదనంగా ఏమైనా ఒరిగిందా? అది తెలియాలంటే డ్రగ్ కోర్టుకు వెళ్లిన మాజీ సైనికులతో పోల్చాలి. కౌంటీ బోర్డు డబ్బు పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

సంఖ్య దగ్గర చాలా మదింపులు కూలిపోతాయి. మళ్లీ అరెస్టయ్యేవాళ్లు 40 శాతం నుంచి 30కి తగ్గారని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా) పట్టుకోవాలంటే ఒక్కో బృందంలో సుమారు 356 మంది కావాలి. ఒక్కో కోర్టులో ఒకేసారి ఉండేది కొన్ని పదుల మంది. ఒక కోర్టును మదింపు చేసి ‘తేడా కనిపించలేదు’ అంటే అర్థం, తేడా కనిపించేంత మంది లేరని. అనేక కోర్టులను కలపాలి. కౌంటీకి కౌంటీని పోలుస్తుంటే ఒకేచోటి మనుషులు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక సంఖ్య ఇంకా పెరుగుతుంది.

లోపల ఏం జరుగుతోందో కూడా కొలవాలి. జడ్జి ఒక్కొక్కరితో కనీసం మూడు నిమిషాలైనా మాట్లాడాలని, మూత్ర పరీక్ష వారానికి కనీసం రెండుసార్లు, ముందు చెప్పకుండా జరగాలని డ్రగ్ కోర్టుల ప్రమాణాలు చెబుతాయి. స్టాప్‌వాచ్ పట్టుకుని కోర్టు హాల్లో కూర్చుంటే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. మెంటార్ ఉన్నాడా అని కాదు, నెలలో ఎన్నిసార్లు కలిశాడని అడగాలి.

పీటీఎస్‌డీని (యుద్ధంలాంటి భయానక అనుభవం మిగిల్చే మానసిక సమస్యను) కొలవడానికి పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల ప్రశ్నావళి వాడతారు. స్కోరు 0 నుంచి 80, 31-33 దాటితే అనుమానించాలి. అరెస్టయిన వారంలో తీసిన స్కోరు ఎక్కువే ఉంటుంది, ఆరు నెలల్లో దానంతటదే కొంత దిగుతుంది. పోలిక బృందానికీ అదే రోజుల్లో తీయకపోతే ఆ తగ్గుదలంతా కోర్టు ఖాతాలో పడుతుంది. అడిగేవాళ్లు కోర్టు సిబ్బంది కాకూడదు. జవాబు జడ్జికి చేరుతుందనుకున్నవాడు బాగానే ఉన్నానంటాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజే తీసుకోవాలి. పూర్తిచేసినవాళ్ల రికార్డులను కొన్ని రాష్ట్రాల్లో సీలు చేస్తారు, లేదా చెరిపేస్తారు. మూడేళ్ల తర్వాత వెళ్లి అడిగితే, విజయవంతమైనవాళ్ల కేసులే దొరకవు. మత్తు చికిత్స రికార్డులకైతే ఫెడరల్ చట్టం ప్రత్యేక రక్షణ ఇస్తుంది, సాధారణంగా రాతపూర్వక అంగీకారం లేనిదే చేతికి రావు. మాజీ సైనికులు ఊళ్లు మారుతుంటారు కనుక రాష్ట్రం రికార్డు ఒక్కటే చాలదు, ఎఫ్‌బీఐ అంతర్రాష్ట్ర నేర చరిత్రల సూచిక చూడాలి. మరణాల రికార్డునూ జతచేయాలి. లేకపోతే ఆత్మహత్య చేసుకున్నవాడు ‘మళ్లీ అరెస్టు కాలేదు’ అన్న గడిలో చేరతాడు.