మహారాజశ్రీ చైను గారికి

మహారాజశ్రీ చైను గారి దివ్యసముఖానికి గజపతినగరం దగ్గర మామిడితోట నుంచి రాయునది ఏమనగా: ఇక్కడ మోటరు క్షేమం, బ్యాటరీ క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, తోట గేటు దాకా వినబడుతోంది.

పాత హండ్రెడ్ సీసీ బండికి ఇంజను దింపేసి మోటరు ఎక్కించిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. వచ్చినవాడల్లా మోటరు ఎన్ని కిలోవాట్లు, బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఒక్క ఛార్జికి ఎంత దూరం అని అడుగుతాడు. మీ ఊసు ఒక్కడూ ఎత్తడు. మీకూ కావలసింది అదే. పశువుల సంతలో అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చే దళారీ మరొకడు. మోటరు బలం ఇస్తుంది, చక్రం పుచ్చుకుంటుంది, మధ్యలో మీరు ఆ మూడోవారు. బాగా నూనె పట్టించి, మీరు తిరిగే రెండు పళ్ళ చక్రాలనూ, అంటే స్ప్రాకెట్లనూ, ఒకే గీతలో నిలబెడితే ఆ బలంలో నూటికి రెండో మూడో కమీషను తీసుకుని ఊరుకుంటారు. ఎండబెట్టి, కాస్త వంకరగా బిగిస్తే ఇక మీ రేటు మీదే.

ఇంజను ఉన్నన్నాళ్ళూ మీ గొంతు ఎవరూ వినలేదు. దాని మోతలో మీ గరగర కలిసిపోయేది. ఇప్పుడు దాపరికం లేదు. తోట కాపలా పెద్దాయన మొదటిసారి విని, "కరెంటు బండన్నావు, ఈ గరగరేటి బావూ?" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. చైను తాడు కాదు, వంగని ముక్కల వరస. వంగని ముక్కల్ని గుండ్రటి దాని చుట్టూ తిప్పితే అది గుండ్రంగా తిరగదు, పలకలు పలకలుగా తిరుగుతుంది. మోటరు ఒకే వేగంతో తిరుగుతున్నా చైను మాత్రం పన్నుకోసారి వేగం పెంచి తగ్గిస్తుంది. ముందు స్ప్రాకెట్‌కి 10 పళ్ళుంటే ఆ హెచ్చుతగ్గు నూటికి 5 దాకా ఉంటుంది. 14 పళ్ళుంటే రెండున్నర. 17 ఉంటే రెండులోపే. పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "గ్రీజెట్టు" అన్నాడు.

గ్రీజు పెడితే తోట దుమ్మంతా అందులో కలిసి, మీ పిన్నుల్నీ బుష్‌ల్నీ నూరేస్తుంది. 90 నంబరు గేరాయిల్ రాసి, పైపైన గుడ్డతో తుడిచేయడమే తమరికి సరైన నైవేద్యం. అది ఆయనకి చెప్పే ఓపిక నాకు మిగల్లేదు.

అసలు ఫిర్యాదుకి వస్తాను. ఈ బండికి పుట్టుకతో వచ్చిన పళ్ళు ముందు 14, వెనక 42. అంటే మూడుకి ఒకటి: ముందుది మూడు చుట్లు తిరిగితే వెనకది ఒక చుట్టు. ఇంజను రోజుల్లో మీకు ముందే గేరుబాక్సు వేగం తగ్గించి, బలం పెంచి, ఊడిగమంతా చేసి పెట్టేది. మీరు చివర్న వచ్చి మూడు రెట్లు కలిపి, బండంతా నేనే లాగానన్నట్టు మెరిసేవారు. ఇంజనుతో పాటు ఆ గేర్లన్నీ పాత ఇనప కొట్టుకి పోయాయి. మిగిలింది మీ మూడు రెట్లే.

మోటరు 3 కిలోవాట్లు, నిమిషానికి 3,000 చుట్లు. అంటే టార్క్, తిప్పే బలం, సుమారు తొమ్మిదిన్నర న్యూటన్ మీటర్లు. వెనక చక్రం ఒక్క చుట్టుకి 1.9 మీటర్లు నడుస్తుంది. మూడుకి ఒకటి లెక్కన కాగితం మీద గంటకి 114 కిలోమీటర్లు! మా మేనల్లుడు ఆ అంకెని స్టేటస్‌గా కూడా పెట్టుకున్నాడు. నిటారుగా కూర్చున్న మనిషిని ఆ వేగంతో తోయాలంటే గాలి ఒక్కటే 10 కిలోవాట్ల పైన అడుగుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఉన్న మూడింటితో చదును నేల మీద 65, 70 మధ్యలో ఆగిపోతుంది. ఆ పైన మీరు చూపించిందంతా సంత మాటే.

అదే అయిదుకి ఒకటి పెడితే వేగం లెక్క 68 దగ్గర తేలుతుంది. గాలి ఎలాగూ అక్కడే ఆపుతోంది కాబట్టి పోయేది ఏమీ లేదు. మరి వచ్చేదో? మనిషితో కలిపి 200 కిలోల బండి, పదడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు ఎక్కాలనుకోండి. మూడుకి ఒకటిలో మోటరు తన మామూలు టార్క్‌కి రెండున్నర రెట్లు దాకా ఇవ్వాలి. అయిదుకి ఒకటిలో ఒకటిన్నర రెట్లు చాలు. టార్క్ ఎంత పెరిగితే కరెంటు అంత పెరుగుతుంది, వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంచేత ఒకదాంట్లో వైండింగు, అంటే మోటరులోని రాగి తీగ చుట్ల, వేడి ఆరు రెట్లకి దగ్గర, ఇంకోదాంట్లో రెండు రెట్లు. బండి చూసిన ప్రతివాడూ "సాలూరు ఘాటీ ఎక్కుతాదా?" అని మోటరు వైపు చూసి అడుగుతాడు. చూడాల్సింది వెనక చక్రానికున్న ఇనప పళ్ళెం వైపు.

అందుకని 70 పళ్ళ స్ప్రాకెట్ కావాలని విజయనగరంలో ఒక కొట్టుకెళ్ళాను. "ఏ బండికండీ?" అన్నాడు. ఏ బండికీ కాదు నాయనా. 428 చైనుకి లింకు అరంగుళం. ఆ లెక్కన 70 పళ్ళంటే 28 సెంటీమీటర్ల వ్యాసం. అది ప్లేటు మీద లేజరుతో కోయించి, లేతు మీద అంచు పలచన చేయించుకోవాల్సిన సరుకు. ముందుదాన్నే 8 పళ్ళకి తగ్గించేస్తే ఖర్చు లేకుండా పోతుంది కదా అన్న మేధావులూ ఉన్నారు. వారిని కాపలా పెద్దాయన దగ్గరికి పంపించాను, పలకల సంగతి ఆయన చెబుతాడు.

ఇంకొకాయన మధ్యలో ఒక షాఫ్టు పెట్టి రెండంచెల్లో తగ్గించమన్నాడు. అంటే ఒక దళారీ సరిపోక ఇద్దరు! ఒకరి కమీషను మీద ఇంకొకరి కమీషను. నిజం ఒప్పుకోవాలి, అందులో ఒక సుఖం ఉంది. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ ఊగే చట్రం స్వింగ్ ఆర్మ్. ఆ షాఫ్టు దాని ఇరుసు మీదే కూర్చుంటే, చక్రం గోతిలో పడి లేచినా వెనక చైను బిగువు మారదు. ఇప్పుడు ముందు స్ప్రాకెట్ ఆ ఇరుసుకి ముందుంది కాబట్టి ప్రతి గోతికీ బిగుసుకుంటారు, వదులవుతారు. మా తోట దారిలో గోతులు లేని చోటు వెతుక్కోవాలి.

ఇక మీరు పార్టీ మార్చే తీరు. యాక్సిలరేటర్ ఇస్తే పైవరస బిగుస్తుంది, కిందవరస వేలాడుతుంది. వేలాడేది మోగకుండా కింద స్ప్రింగు రోలరు పెట్టాం. అంతా బాగుంది. బ్రేకు పట్టినప్పుడు మోటరు బ్యాటరీకి కరెంటు వెనక్కి పంపేలా కంట్రోలర్‌లో సెట్టింగు పెట్టగానే లాగేది చక్రం అయింది, బిగిసేది కిందవరస అయింది. పాపం ఆ రోలరు! మీరు ఒక్క గుంజు గుంజితే బ్రాకెట్టుతో సహా వంగిపోయింది. ఇప్పుడు స్ప్రింగు తీసేసి నైలాన్ పట్టీ వేశాం, వెనక్కిచ్చే కరెంటు నెమ్మదిగా పెరిగేలా మార్చాం. తమ ఆగ్రహం కొంత శాంతించింది.

మా బావగారైతే మిమ్మల్నే వద్దంటారు. చక్రంలోనే మోటరు పెట్టేస్తే చైనే అక్కర్లేదు కదా అని ఆయన వాదన. అప్పుడు మోటరు బరువంతా చక్రం మోయాలి, ప్రతి గోతి దెబ్బా సూటిగా మోటరుకే తగలాలి, పళ్ళు మార్చుకునే వీలూ ఉండదు. ఎత్తులో ఉడికితే ఉడకడమే. బెల్టు పెడదామంటే చప్పుడు తగ్గుతుంది గానీ, అది మీలా లింకు తీసి లింకు కలిపే రకం కాదు. చిన్న గులకరాయి దూరితే చాలు దాని పని అయిపోతుంది.

ప్రభుత్వానికైనా మీ మీద కన్ను పడలేదు. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్ల లోపు అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంది, ఆ పైన కావాలంది. ఇంజను తీసి మోటరు పెట్టిన బండిని ఆమోదం లేకుండా రోడ్డెక్కించకూడదు. అందుకే మన ఊరేగింపులన్నీ తోట గట్ల మీదే.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, 70 పళ్ళ పళ్ళెం కోసి తెచ్చాం. దాని మీదకి మీరు 14 లింకులు పొట్టి. లింకులు కలుపుదామని టేపు పెట్టి కొలిస్తే, 20 లింకులకి 254 మిల్లీమీటర్లు ఉండాల్సిన వారు 260 తేలారు. సాగిన చైనుకి కొత్త లింకులు అతికించరు, కొత్త పళ్ళకి సాగిన చైను తగిలించరు. కాబట్టి తమరికి రిటైర్‌మెంటు. కొత్తవారు రేపు వస్తున్నారు.

ఇట్లు,
కమీషను కట్టిన బండి తరఫున,
భవదీయుడు.

తా.క. వెళ్తూ మీ రెండు కొనలూ కలిపి పట్టే ఆ క్లిప్పు లాకు సంగతి కొత్తవారి చెవిన వేయండి. మెకానిక్ మాట: "మూసిన వైపు ముందుకుండాల బావూ, నోరు ఎనక్కుండాల." మీకు మాత్రం ఇన్నాళ్ళూ నోరు ముందుకే ఉంది.