తలుపు కొట్టే ముందు కారణం రాయండి

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అమ్మ అన్నం వడ్డించి పెరుగు గిన్నె కోసం లోపలికి వెళ్ళింది. గల్లీలో ఒక్కసారిగా బూట్ల చప్పుడు, విజిళ్ళు. ఆ వెంటనే మైకులో: "అందరూ బయటికి రావాలె. ఆధార్ కార్డులు, బండి కాగితాలు పట్టుకొని రావాలె." చెయ్యి కడుక్కునే లోపే మా తలుపు మీద లాఠీతో రెండు దెబ్బలు పడ్డాయి.

పేపర్లు దీన్ని కార్డన్ సెర్చ్ అంటాయి, నిర్బంధ తనిఖీలు అని కూడా రాస్తాయి. హైదరాబాద్ బస్తీల్లో ఉండేవాళ్ళకు కొత్తేం కాదు, పదేళ్ళకు పైగా చూస్తున్నాం. గల్లీకి రెండు వైపులా పోలీసులు నిలబడతారు, ఎవరినీ బయటికి పోనివ్వరు, లోపలికి రానివ్వరు. ఇంటింటికీ తిరుగుతారు. మర్నాడు పేపర్లో లోపలి పేజీలో వార్త వస్తుంది. సరైన పత్రాలు లేని ఇన్ని బైకులు స్వాధీనం, ఇంతమంది అనుమానితులు అదుపులో, అంతే. ఆ వార్తలో మా ఇంటి సంగతి ఉండదు కాబట్టి నేను రాస్తున్నాను.

మా అమ్మ దగ్గర బట్టల షాపు కవరు ఒకటి ఉంది. ఇంట్లో కాగితం అన్నది ఏదైనా అందులోకే పోతుంది. రేషన్ కార్డు, ఆధార్లు, గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లులు, నా పదో తరగతి మెమో. ఆ రాత్రి అమ్మ ఆ కవరును రెండు చేతులతో పట్టుకొని గుమ్మంలో నిలబడింది. కుర్ర కానిస్టేబుల్ ఒకతను అందులో చెయ్యి పెట్టి ఒక్కో కాగితం బయటికి లాగుతున్నాడు. మడతలు పడ్డ కాగితం ఒకటి విప్పి, టార్చి వేసి, "ఇదేంది?" అన్నాడు.

"మా ఆయన పోయిన సర్టిఫికెట్ సారూ" అంది అమ్మ.

అతను ఏమీ అనలేదు. మడిచి మళ్ళీ కవర్లో పెట్టేశాడు. అతను చెడ్డవాడని నేననడం లేదు, నిజానికి కాస్త ఇబ్బంది పడ్డాడు కూడా. కానీ మా నాన్న చావు కాగితాన్ని అపరిచితుడొకడు వీధిలో టార్చి వేసి చదవాల్సిన అవసరం ఈ రాష్ట్రానికి ఏమొచ్చింది? ఆ రాత్రి నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇదే.

తర్వాత తమ్ముడి ఫోన్ అడిగారు, లాక్ తియ్యమన్నారు. వాడు తీసిచ్చాడు. రాత్రిపూట ఎదురుగా ఆరుగురు పోలీసులుంటే ఎవరైనా తీసిస్తారు, దాన్ని ఇష్టపూర్వకంగా ఇచ్చాడనడం అన్యాయం. గ్యాలరీ చూశారు, వాట్సాప్ చూశారు. నా బండి ఆర్సీ మా బావ పేరు మీద ఉంది, ఊళ్ళో అడ్రసు. బండి పట్టుకుపోయారు, మూడో రోజు ఇచ్చారు. చివరగా చిన్న మిషన్ ఒకటి తెచ్చి నా బొటనవేలు దాని మీద పెట్టమన్నారు. పెట్టాను. పచ్చ లైటు వెలిగింది. "పో" అన్నారు.

నా వేలిముద్ర ఎక్కడికి పోయింది? ఎన్నాళ్ళు ఉంటుంది? ఎవరు చూస్తారు? అడిగే ధైర్యం ఆ క్షణాన నాకు లేకపోయింది.

మర్నాడు పొద్దున చాయ్ దగ్గర పక్కింటి బాబాయి అన్నాడు: "తప్పు చెయ్యనోనికి భయమెందుకురా?" ఆయన మంచి మనిషి. పోయిన ఏడాది పిన్ని మెడలో గొలుసు తెంపుకుపోతే గల్లీ చివర సీసీ కెమెరా చూసి పోలీసులు దొంగను పట్టుకున్నారు, గొలుసు తిరిగొచ్చింది. ఆయన మాటకు ఆ అనుభవం ఉంది. మా బస్తీలో గంజాయి ఉంది, చీకటి పడ్డాక ఆడపిల్లలు కొన్ని మలుపులు తప్పించుకొని నడుస్తారు, ఇవన్నీ నాకూ తెలుసు. పోలీసులు వద్దని నేనెప్పుడూ అనను.

కానీ బాబాయి మాటలో ఒక పెద్ద పొరపాటుంది. గొలుసు కేసులో నేరం జరిగింది, ఫిర్యాదు ఉంది, దాని కోసం కెమెరా చూశారు, ఒక మనిషిని వెతికి పట్టుకున్నారు. ఆ రాత్రి మా గల్లీలో నేరం ఏది? ఫిర్యాదు ఎవరిది? ఎవరి కోసం వచ్చారు? రెండు వందల ఇళ్ళ తలుపులు కొట్టి, ఎవరైనా దొరుకుతారేమో చూద్దాం అన్నారు. మొదటిది దర్యాప్తు. రెండోదానికి మా అందరినీ ముందే దొంగల లెక్కలో రాసుకున్నారు, కాదని మేమే కాగితాలు చూపించుకోవాలి. భయమెందుకని నన్ను అడగడం కాదు, ఎందుకొచ్చారో వాళ్ళను అడగాలి. సర్కారు దగ్గర తుపాకీ ఉంది, జైలుంది, నా దగ్గర అమ్మ కవరు ఉంది. జవాబు చెప్పాల్సింది ఎవరు?

ఈ గొడవ నాతో మొదలు కాలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన ఉండేవాడు. 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టు చేసి, సాక్ష్యం లేదని వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. ఇక అప్పటి నుంచి రాత్రిపూట చౌకీదార్లు, కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు కొట్టడం, అరిచి నిద్ర లేపడం, ఊరు దాటితే చెప్పి వెళ్ళమనడం. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీల తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. కానీ మిగతా నిఘా అంతా ఉండొచ్చని, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగం ఇవ్వలేదని నలుగురు అన్నారు.

ఒప్పుకోని ఇద్దరిలో తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గుంటూరులో 1954లో పెట్టిన హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే, తర్వాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మనిషి స్వేచ్ఛ అంటే కాళ్ళకు సంకెళ్ళు లేకపోవడం ఒక్కటే కాదని, అతని సొంత బతుకులోకి ఎవరూ చొరబడకపోవడం కూడా స్వేచ్ఛేనని ఆయన రాశారు. పోలీసు కళ్ళ ముందు తిరిగే తిరుగుడు స్వేచ్ఛ కాదని, అట్లాంటివాడికి దేశమంతా జైలేనని రాశారు. దేశమంతా జైలు! వేలిముద్ర మిషన్లు, ముఖం గుర్తుపట్టే కెమెరాలు ఎవరి ఊహలోనూ లేని 1962లో ఆ మాట రాశారు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక మనిషి ఆ తలుపు చప్పుడును అంత స్పష్టంగా విన్నాడంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మన పిల్లలకు ఈయన పేరు కూడా తెలియకపోవడం నాకు చాలా బాధ.

ఆయన మాటే సరైందని సుప్రీంకోర్టు ఒప్పుకోవడానికి దాదాపు 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, ఖరక్ సింగ్ కేసులో గోప్యత లేదన్న మాటను కొట్టేశారు. సర్కారు మన బతుకులోకి రావాలంటే ముందు ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంతే రావాలి, అంతకు మించి రాకూడదు. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవద్దని మా నానమ్మ అనేది, దాదాపు అదే మాట.

మరి మా గల్లీకి ఏ చట్టం కింద వచ్చారు? నేను లాయర్ని కాదు, తెలిసిన లాయరు అక్క దగ్గర కూర్చొని అడిగి తెలుసుకున్నాను. వారెంటు లేకుండా ఇల్లు సోదా చెయ్యాలంటే, ఒక నేరం దర్యాప్తు కోసం అది ఎందుకు అవసరమో, దేని కోసం వెతుకుతున్నారో పోలీసు అధికారి ముందే రాతపూర్వకంగా రాయాలి. ఇది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 165లో ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185లో ఉంది. సోదాకు ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరు సాక్షులుండాలి, తీసుకున్న వస్తువుల జాబితా రాసి నకలు మనకివ్వాలి. కొత్త చట్టం ప్రకారం సోదాను వీడియో కూడా తియ్యాలి. మా బండి తీసుకుపోయినప్పుడు చిట్టీ ముక్క కూడా ఇవ్వలేదు.

వేలిముద్ర సంగతి ఇంకా ఘోరం. 2022లో కేంద్రం క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం తెచ్చింది. అరెస్టయినవాళ్ళ వేలిముద్రలు, కనుపాప గుర్తులు తీసుకొని 75 ఏళ్ళు దాచుకోవచ్చు. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు విచారణ లేకుండానో, నిర్దోషిగానో బయటపడితే, మేజిస్ట్రేట్ కారణం రాసి ఉంచమంటే తప్ప, ఆ రికార్డు చెరిపెయ్యాలి. ఆ చట్టమే చాలా ఎక్కువ అనుకుంటాను నేను. కానీ నేను అరెస్టు కాలేదు కదా! అరెస్టయి నిర్దోషిగా తేలినవాడి వేలిముద్ర చెరిపెయ్యమని చట్టం చెప్తుంటే, అన్నం ముందు నుంచి లేపి వీధిలోకి పిలిచినవాడి వేలిముద్రకు దిక్కెవరు? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కాపాడుతుందేమో అనుకున్నాను. దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద సర్కారు తను నోటిఫై చేసిన సంస్థలను ఆ చట్టం నుంచే మినహాయించుకోవచ్చట.

ఒక మాట కోపంగానే అంటాను. ఈ తనిఖీలు పెద్ద గేటు, సెక్యూరిటీ క్యాబిన్, క్లబ్‌హౌస్ ఉన్న అపార్టుమెంట్లలో జరిగాయని నేనింతవరకు వినలేదు. అక్కడ మత్తుమందులు దొరకవా? అక్కడ బావ పేరు మీద బండ్లు ఉండవా? అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు తలుపు కొడితే పొద్దునకల్లా టీవీల్లో చర్చ. మా దగ్గర కొడితే "కమ్యూనిటీ కాంటాక్ట్" అని అందమైన పేరు. 2021 అక్టోబరులో గంజాయి తనిఖీల పేరుతో రోడ్డు మీద కుర్రాళ్ళను ఆపి వాట్సాప్ చాట్లు చూస్తున్న వీడియోలు బయటికొచ్చాయి, గుర్తుందా? కొన్నాళ్ళు మాట్లాడుకున్నాం, మర్చిపోయాం. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది, అందులో నాయకుల ఫోన్లు కూడా విన్నారన్న ఆరోపణ వచ్చింది కాబట్టి నెలల తరబడి అదే చర్చ. ఆ కేసు తేలాల్సిందే, ఎవరు తప్పు చేసినా శిక్ష పడాల్సిందే. అయితే అప్పుడు గోప్యత గురించి గొంతు చించుకున్న నాయకుల్లో ఒక్కరైనా మా గల్లీలో తమ్ముడి ఫోన్ గురించి మాట్లాడతారా? అధికారంలో ఉన్నప్పుడు అన్ని పార్టీలకూ ఈ తనిఖీలు కావాలి, దిగిపోయాక రాజ్యాంగం గుర్తొస్తుంది. నేను ఏ పార్టీ మనిషినీ కాదు. జెండా చూసి కామెంటు పెట్టేవాళ్ళు దయచేసి ఇది మొత్తం చదివి పెట్టండి.

"మరి నేరాలెట్లా ఆపాలె?" అని బాబాయి మళ్ళీ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఫలానా ఇంట్లో గంజాయి ఉందని సమాచారం వస్తే ఆ కారణం కాగితం మీద రాసి ఆ ఇంటికి పోవచ్చు, దొరికితే కోర్టులో నిలబడుతుంది. ఒక్క ఇంటి కోసం రెండు వందల ఇళ్ళు కొట్టడం కంటే అది కష్టమైన పనే, నిజమే. సమాచారం సేకరించాలి, బస్తీ జనంతో నమ్మకంగా మసలాలి. మైకులో కేకలు పెట్టి రాత్రిపూట వీధిలో నిలబెడితే రేపు నిజంగా గంజాయి అమ్మేవాడి గురించి చెప్పడానికి మా బస్తీలో ఎవరు నోరు విప్పుతారు? బాబాయి దీనికి మాత్రం జవాబు చెప్పలేదు. "అది గూడ నిజమే" అని చాయ్ గ్లాసు కడిగి పెట్టాడు.

అమ్మ ఆ కవరును బీరువాలో పెట్టడం మానేసింది. తలుపు పక్కన మేకుకు తగిలించింది. "మళ్ళొస్తే ఎతుక్కునుడు ఎందుకు" అంటోంది. రోజూ ఆఫీసుకు పోతూ దాన్ని చూస్తున్నాను.

మొన్న సోమవారం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నాలుగే అడిగాను. ఆ రాత్రి తనిఖీకి ముందు రాసిన ఉత్తర్వు నకలు. అది ఏ చట్టం, ఏ సెక్షన్ కింద జరిగింది. ఎన్ని ఇళ్ళు వెతికారు, ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింట్లో చార్జిషీటు వేశారు. తీసుకున్న వేలిముద్రలు ఎక్కడ ఉన్నాయి, ఎప్పుడు చెరిపేస్తారు. జవాబు ఇవ్వడానికి వాళ్ళకు 30 రోజుల గడువు, అందులో ఇంకా 26 మిగిలున్నాయి. మీ బస్తీలో కూడా ఇట్లా జరిగి ఉంటే నా దరఖాస్తు కాపీ పంపుతాను, పేరు, తేదీ మార్చుకుంటే చాలు. మెసేజ్ చెయ్యండి.