విత్తనం చల్లడం చివరి పని

సాగు మానేసి కలుపు కమ్మిన పొలాన్ని తిరిగి స్థానిక గడ్డినేలగా మారుస్తామనే పథకాలు చాలావరకు ఒకే చోట బోర్లా పడుతున్నాయి. నిధులు వచ్చిన మొదటి తడికే విత్తనం చల్లేస్తారు. బస్తాలు, ట్రాక్టరు, గుప్పిళ్లతో గింజలు చల్లే అతిథులు, ఫొటోలు. మూడో ఏడు వెళ్లి చూస్తే, చల్లిన బహువార్షిక గడ్డి, అంటే ఏళ్ల తరబడి బతికే గడ్డి, ఎక్కడో గట్టు పక్కన నాలుగు దుబ్బులుగా మిగిలి ఉంటుంది. మిగతాదంతా పాత కలుపే, మునుపటికన్నా ఏపుగా. అప్పుడు తప్పు విత్తనం మీదకో వాన మీదకో నెడతారు. నిజానికి ఆ పొలానికి కావలసింది రెండేళ్లపాటు స్థానిక గడ్డి విత్తనం చల్లకపోవడం. ఆ రెండేళ్లలో కలుపు విత్తనాల నిల్వను ఖాళీ చేయాలి, ఎరువులతో బలిసిన నేల బలం తగ్గనివ్వాలి. ఈ రెండూ జరగని చోట ఎంత మేలి విత్తనం పోసినా బూడిదలో పోసిన పన్నీరే.

‘వదిలేస్తే అదే వస్తుంది’ అనే మాట ముందు తేల్చుకుందాం. అమెరికాలోని మిన్నెసోటాలో సీడర్ క్రీక్ పరిశోధన క్షేత్రం ఉంది. సాగు ఎప్పుడు ఆగిందో తెలిసిన పొలాలను అక్కడ ఎప్పుడూ నాగలి పడని నేలతో పోల్చి చూశారు. 2019లో వెలువడిన ఆ లెక్క ప్రకారం, సాగు వదిలి 91 ఏళ్లు గడిచిన పొలంలో కూడా మొక్కల వైవిధ్యం దున్నని నేలలో ఉన్నదానిలో 73 శాతానికే చేరింది. ఉత్పాదకత 53 శాతం దగ్గర ఆగింది. ఆశిష్ నెర్లేకర్, జోసెఫ్ వెల్డ్‌మన్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన విశ్లేషణ ఇంకా కటువుగా ఉంది: చెదిరిన గడ్డినేల పాత జాతుల సంపదను అందుకోవడానికి కనీసం ఒక శతాబ్దం, చాలాచోట్ల వేల ఏళ్లు పడుతుంది. నేల పచ్చబడినంత మాత్రాన గడ్డినేల అయిపోదు. పచ్చదనానికి ఒక్క వాన చాలు.

ఎందుకంటే దున్నిన నేల ఖాళీగా ఉండదు. విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో మిషిగన్‌లో 20 సీసాల్లో కలుపు మొక్కల విత్తనాలు నింపి పాతిపెట్టాడు. 2021లో, అంటే 142 ఏళ్లకు, ఒక సీసా తీసి తడి తగిలిస్తే అందులోని గింజలు కొన్ని మొలకెత్తాయి. అన్ని కలుపులూ అంతకాలం బతకవు. చాలా వార్షిక గడ్డి జాతుల విత్తనం రెండు మూడేళ్లలో చచ్చిపోతుంది. వెడల్పాకు కలుపుల విత్తనం మాత్రం చీకట్లో దశాబ్దాలు కాచుకుని కూర్చోగలదు. అందుకే మొదటి పని నేలను అడగడం. పొలంలో ఇరవై ముప్ఫై చోట్ల పై 5 సెంటీమీటర్ల మట్టి తీసి, కలిపి, పళ్లేల్లో పలచగా పరిచి, ఆరు నుంచి ఎనిమిది వారాలు తడి ఆరకుండా చూడాలి. మొలిచినదాన్ని మొలిచినట్టు జాతి గుర్తించి, లెక్కపెట్టి, పీకెయ్యాలి. శత్రువు ఎవరో, ఎంతమందో అప్పుడు తెలుస్తుంది. ఇంత చవకైన పరీక్షను కూడా చేయకుండా విత్తనానికి ఆర్డరు పెట్టే వాళ్లను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

వార్షిక కలుపుకు మందు ఓపిక. పైపైన రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే గీకి, తడి తగలనిచ్చి, మొలకలన్నీ లేచాక చంపాలి. మళ్లీ గీకాలి, మళ్లీ లేవనివ్వాలి, మళ్లీ చంపాలి. ఒక పెరుగుదల కాలంలో మూడు నాలుగు విడతలు, రెండేళ్లు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు లోతు దుక్కి. నాగలి లోతుకు దిగిన ప్రతిసారీ అడుగున నిద్రపోతున్న విత్తనం పైకొస్తుంది. అప్పటిదాకా చేసిన చాకిరీ అంతా మళ్లీ మొదటికొస్తుంది.

గరిక, తుంగ లాంటి మొండి జాతులు ఉంటే లెక్క వేరు. వాటిని దున్నడమంటే నాటడమే. తెగిన ప్రతి కణుపూ ఒక మొక్క, విడిపోయిన ప్రతి దుంపా ఒక పిలక. ఎండ తీవ్రంగా ఉండే ఆరు వారాలు తడి నేల మీద పలచని పారదర్శక ప్లాస్టిక్ బిగుతుగా పరిచి అంచులు మట్టిలో పూడ్చే పద్ధతి వార్షిక కలుపు మీద బాగానే పనిచేస్తుంది. తుంగ మాత్రం దాన్ని సూదిలా పొడుచుకుని పైకొస్తుంది. చిన్న ముక్కల్లో వెలుతురు చొరని మందపాటి పట్టాతో ఒక కాలమంతా కప్పి ఉంచొచ్చు. ఎకరాల మీద అది కుదరదు కాబట్టి గ్లైఫోసేట్ అనే కలుపుమందు మాట రాక తప్పదు. అది కూడా కలుపు పచ్చగా, చురుగ్గా పెరుగుతున్నప్పుడు కొడితేనే వేరుదాకా దిగుతుంది. బెట్టకు వాడిన ఆకు మీద, దుమ్ము పట్టిన ఆకు మీద కొడితే డబ్బు దండగ. బురద నీటిలో కలిపినా దండగే, మందు మట్టి రేణువులకు అతుక్కుపోతుంది. కొట్టిన వారం పది రోజులదాకా ఆ నేలను కదపకూడదు. ఒక్కసారితో పోయే కలుపు కాదది. తిరిగి చిగురించిన ప్రతిసారీ కొట్టాలి, రెండు కాలాలు వెంటపడాలి.

ఇదంతా కొంతమందికైనా తెలుసు. చాలామంది పట్టించుకోనిది, నా దృష్టిలో అసలు ముడి, నేల బలం.

సేద్యం చేసేవాడికి సారవంతమైన నేల వరం. స్థానిక గడ్డినేలకు అదే శాపం. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి నేటిదాకా ఒకే పచ్చిక మైదానం మీద ఎరువుల ప్రయోగం నడుస్తోంది. ఏ ఎరువూ ఎరగని మడుల్లో 40 దాకా మొక్కల జాతులున్నాయి. అమ్మోనియం సల్ఫేటు ఎక్కువగా పడి, నేల పులిసి ఆమ్లంగా మారిన మడుల్లో రెండు మూడు జాతులు మిగిలాయి. మధ్యలో కంచె లేదు, వాన తేడా లేదు, తేడా అంతా ఎరువుదే. బహువార్షిక స్థానిక గడ్డి పొదుపరి. కొంచెం నత్రజనితోనే లోతుగా వేళ్లు దింపి నిదానంగా సంసారం నెట్టుకొస్తుంది. వార్షిక కలుపుది జూదరి బతుకు. దొరికిన నైట్రేటునంతా, అంటే మొక్కలు పీల్చుకునే రూపంలోని నత్రజనినంతా, నెలల్లో తినేసి, నెత్తిన నీడ పరిచి, వేల గింజలు రాల్చి పోతుంది. ఏళ్ల తరబడి యూరియా, డీఏపీ తిన్న పొలంలో ఈ రెండింటినీ పక్కపక్కన మొలిపిస్తే ఎవరు గెలుస్తారో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు.

మరి నేల బలాన్ని ఎలా తగ్గించాలి? నత్రజని సంగతి కొంత తేలిక. కార్బన్ ఎక్కువున్న పదార్థం పోస్తే సూక్ష్మజీవులు దాన్ని తింటూ నైట్రేటును తమలో బంధించేస్తాయి. ఆస్ట్రేలియాలో సుజాన్ ప్రోబర్ బృందం మూడు నెలలకొకసారి చదరపు మీటరుకు అర కిలో చొప్పున పంచదార చల్లి ఈ సంగతి నిరూపించింది. కలుపు కుదేలైంది. ఆ లెక్కన హెక్టారుకు విడతకు 5 టన్నులు, ఏడాదికి 20 టన్నులు. ప్రయోగానికి బాగుంది, పొలానికి పనికిరాదు. రంపపు పొట్టు చవక, కానీ నెమ్మది. అయితే ఆ ప్రయోగాల్లో పంచదారకన్నా విలువైన విషయం ఒకటి బయటపడింది. థెమెడా అనే అక్కడి స్థానిక బహువార్షిక గడ్డి ఒకసారి చిక్కగా కుదురుకుంటే పంచదార ఆపేశాక కూడా నేలలో నైట్రేటును తనే తక్కువ స్థాయిలో పట్టి ఉంచింది. అంటే కాపలా మనం శాశ్వతంగా కాయనక్కర్లేదు. గడ్డి కుదురుకునే దాకా కాస్తే చాలు, ఆ తర్వాత అదే కాసుకుంటుంది. ముందస్తు రెండేళ్ల వాదనకు ఇంతకన్నా బలమైన ఆధారం నాకు కనిపించలేదు.

భాస్వరం అలా లొంగదు. అది మట్టిని పట్టుకుని దశాబ్దాలు ఉంటుంది. ఎరువు వేయకుండా ఒకటి రెండు పంటలు తీసి, గింజతో పాటు చొప్ప కూడా పొలం దాటించడం ఒక దారి. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే తీసిందంతా తిరిగి నేలకే చేరుతుంది. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ప్రెయిరీ, అంటే అక్కడి స్థానిక గడ్డినేల, విత్తే ముందు సోయా వేయడం మామూలే. కలుపు అదుపులో ఉంటుంది, కోత తర్వాత నేల గట్టిగా, శుభ్రంగా మిగులుతుంది. రెండో దారి మొరటుది, పై మట్టిని 5 నుంచి 10 సెంటీమీటర్లు గీకి తీసేయడం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పాత పొలాల మీద ఇలా చేసి, నేరుగా విత్తి మంచి గడ్డినేలలు రాబట్టారు. ఒక్క దెబ్బతో కలుపు విత్తనమూ పోతుంది, భాస్వరమూ పోతుంది. కానీ 10 సెంటీమీటర్ల మట్టి అంటే హెక్టారుకు వెయ్యి ఘనపు మీటర్లు, ఇంచుమించు 1,300 టన్నులు. దాన్ని ఎక్కడ పోస్తారో ముందే తేల్చుకోవాలి. పొలం చుట్టూ కట్టగా పోస్తే ఆ కట్టే కలుపు విత్తనాల కార్ఖానా అవుతుంది. వాలు నేలల్లో అసలు చేయకూడదు, మొదటి పెద్ద వానకే గండ్లు పడతాయి.

ఇక విత్తనం. బస్తా మీద రాసిన కిలోలను నమ్మొద్దు. స్థానిక గడ్డి విత్తనంలో తాలు చాలా ఎక్కువ. వంద గింజలు తీసుకుని ఒక్కొక్కటీ గోటితో నొక్కి చూస్తే లోపల గింజ ఉన్నవెన్నో తెలుస్తుంది. శుద్ధి 40 శాతం, మొలక 50 శాతం ఉన్న 10 కిలోల బస్తాలో నిజంగా బతికేది 2 కిలోలే. కొలవాల్సింది ఆ రెండు కిలోలను. చదరపు మీటరుకు 400 నుంచి 600 సజీవ విత్తనాలు పడాలి. వాటిలో సగమైనా గడ్డి కాని పూల మొక్కలు, పప్పుజాతి మొక్కలు ఉండాలి. గడ్డి ఎక్కువైతే ఐదేళ్లలో అది మిగతావాటిని మింగేస్తుంది. అప్పుడే కోసిన విత్తనం చాలా జాతుల్లో మొలవదు, ఆరు నుంచి పన్నెండు నెలలు పొడిగా మాగాలి. మీసాలున్న గింజలు మామూలు సీడ్ డ్రిల్ గొట్టాల్లో ఉండలు కడతాయి. మీసాలు తీయించాలి, లేదా పొడి ఇసుక కలిపి చల్లాలి. లోతు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. విత్తే ముందు నేల మీద నడిస్తే మడమ ముద్ర సెంటీమీటరుకు మించి దిగిందంటే రోలరు ఇంకా తిప్పాలని అర్థం.

మొదటి ఏడు పొలం చూసి ఏడుపు రావాలి, అదే సరైన లక్షణం. స్థానిక గడ్డి ఆ ఏడంతా వేళ్ల మీదే ఖర్చుపెడుతుంది, పైన నాలుగాకులే ఉంటాయి. కలుపు 30 సెంటీమీటర్లు దాటగానే, పూతకు ముందే, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో కోసేయాలి. చేత్తో పీకితే పక్కనున్న లేత మొలక కూడా లేచి వస్తుంది. చదరపు మీటరుకు 500 గింజలు చల్లిన చోట ఏడాది చివర 10 నుంచి 20 మొక్కలు కనిపిస్తే అది గెలుపే. ఈ లెక్క తెలియని తనిఖీ అధికారి ‘విఫలం’ అని రాసి, దున్ని మళ్లీ చల్లమంటాడు. అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉండదు.

రెండేళ్లు నేలను ఖాళీగా ఉంచడం కోతకు దారి తీస్తుందని, రసాయనాలు వాడి ప్రకృతిని బాగుచేయడమేమిటని అభ్యంతరాలున్నాయి. మొదటిది వాలు నేలల్లో నిజం. అక్కడ మొదళ్లు, చొప్ప నిలిపి పట్టీలు పట్టీలుగా చేయాలి. పక్కనే దున్నని గడ్డినేల ఉండి, ఎరువు పెద్దగా పడని, కొద్ది ఏళ్లే సాగైన పొలమైతే ఈ హడావిడి లేకుండా మేతను, కోతను సర్దుకుంటే చాలన్నదీ ఒప్పుకోవాల్సిందే. అలాంటి పొలాలు అరుదు. రసాయనాల అభ్యంతరానికి జవాబు ఒక్కటే: రెండేళ్ల మందు కాదంటే కలుపుతో ఇరవై ఏళ్ల కుస్తీ.

అయినా ఈ రెండేళ్లు ఎవరూ ఇవ్వరు. కారణం శాస్త్రంలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది. గడ్డి విత్తనం చల్లని రెండేళ్లకు ‘పురోగతి’ గడిలో ఏం రాస్తారు? హెక్టార్లు చూపించాలి. 2011లో మొదలైన బాన్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ అటవీ, భూ పునరుద్ధరణ పథకం 2030 నాటికి 35 కోట్ల హెక్టార్ల పునరుద్ధరణ అంది. 2019లో బాస్టిన్ అనే శాస్త్రవేత్త బృందం ‘సైన్స్’ పత్రికలో, భూగోళం మీద మరో 90 కోట్ల హెక్టార్లలో చెట్ల నీడ పరచొచ్చని, 205 గిగాటన్నుల (20,500 కోట్ల టన్నుల) కార్బన్ దాచొచ్చని రాస్తే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అదే ఏడాది అదే పత్రికలో వెల్డ్‌మన్, మరికొందరు శాస్త్రవేత్తలు ఆ కార్బన్ అంచనా సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేల్చారు. చెట్లు సహజంగా ఉండని గడ్డినేలలను కూడా అందులో కలిపేశారని చూపించారు. ఆ సవరణకు చప్పట్లు పడలేదు. మొక్క నాటితే లెక్క వస్తుంది, ఫొటో వస్తుంది. గడ్డినేల తన కార్బన్‌ను నేల కింద దాచుకుంటుంది, ఫొటోకు దొరకదు. మన భాష కూడా దీనికి సాయం చేస్తోంది. చెట్లు లేని నేలను బంజరనో బీడనో పిలవడం అలవాటైపోయింది. పేరే ఖాళీ అన్నాక దాన్ని నింపాలని ఎవరికైనా అనిపిస్తుంది.

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. సదస్సులు సరే. నాకైతే పునరుద్ధరణ పనుల ఒప్పంద పత్రంలో మూడు వాక్యాలు మారితే చాలు. మట్టి పళ్లెంలో కలుపు మొలకలు మొదటి లెక్కలో పదో వంతుకు పడిపోయే దాకా విత్తనం బస్తా విప్పకూడదు. చెల్లింపులో సగం ఐదో ఏటిదాకా ఆపాలి. ఆ ఐదో ఏట పొలంలో చతురస్రపు చట్రం వేసి లెక్కపెట్టాల్సింది విత్తిన హెక్టార్లను కాదు, ప్రతి చదరపు మీటరులో బతికున్న స్థానిక జాతులను.